తమ్ముడి చేతిరాత

నాన్న పోయాక మా జీడితోట లెక్కలన్నీ తమ్ముడే రాసేవాడు. ఎన్ని బస్తాల పిక్కలు దిగాయి, ఎవరికెంత కూలి ఇవ్వాలి, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. చిన్నప్పుడు వాడిచేత ఓనమాలు దిద్దించింది నేనే.

వాడి 26వ ఏట ఆ అక్షరాలు చీమలబారులా చిన్నవైపోయాయి. నాలుగు అంకెలు కూడడానికి అరగంట. ఏమడిగినా జవాబు ఆలస్యం. ఊరికే కోపం. పలాస నుంచి వజ్రపుకొత్తూరు పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా "ఈ గుంటడికి బద్ధకం పట్టుకుంది" అని తిట్టేదాన్ని. అందరికంటే ఎక్కువ నేనే తిట్టాను.

మా ఉద్దానంలో ఎవరు నీరసపడినా ముందు కిడ్నీలే గుర్తొస్తాయి. క్రియాటినిన్ పరీక్ష చేయించాం. బాగానే ఉంది. ఇంకేం జబ్బు లేదనుకున్నాం. చేతులు వణకడం మొదలయ్యాక విశాఖ తీసుకెళ్తే, డాక్టరుగారు కళ్ళలోకి లైటు వేసి చూశారు. నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు వలయం. రక్తం, మూత్రం పరీక్షలయ్యాక విల్సన్ వ్యాధి అన్నారు. 1912లో విల్సన్ అనే లండన్ డాక్టరు వివరించిన జబ్బు.

తిండిలోంచి వచ్చే రాగి మన ఒంటికి కొంచెమే కావాలి. మిగిలినదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఈ జబ్బులో ఆ పని సరిగా జరగదు. రాగి కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. ఆలోచన మందగిస్తుంది, స్వభావం మారిపోతుంది. లోపం పుట్టుకతోనే ఉన్నా పెద్దయ్యాక బయటపడొచ్చు. అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తేనే జబ్బు. మా అమ్మానాన్నలది మేనరికం. ఆ మాట వినగానే అమ్మ తల దించుకుంది. "నీకేం తెలుసమ్మా, ఎవరికి తెలుసు" అన్నాను.

తోబుట్టువుల్లో నలుగురికి ఒకరి చొప్పున వచ్చే అవకాశం ఉందని నాకూ పరీక్షలు చేశారు. ఫలితం వచ్చేదాకా, కూరలో ఉప్పు మర్చిపోయినా గుండె ఝల్లుమనేది. నాకు లేదు. హమ్మయ్య అనుకున్నాను, వెంటనే సిగ్గేసింది.

తమ్ముడు జీవితాంతం మందులు వాడాలి, మానకూడదు. రాగి ఎక్కువుండే తిండి వద్దన్నారు. అందులో జీడిపప్పు ఒకటి! జీడితోటలో పెరిగినవాడికి. అమ్మ నీళ్ళు పోసి ఉంచే రాగిచెంబు అటకెక్కింది.

ఏడాదిన్నరకి వణుకు తగ్గింది. లెక్క ఇంకా నెమ్మదే. మొన్న వెళితే పుస్తకం చూపించాడు. అక్షరాలు కాస్త పెద్దవయ్యాయి. "ఈసారి తిట్టవా అప్పా?" అని నవ్వాడు. కూడికలు సరిచూశాను. ఒకటి తప్పింది. ఇద్దరం కూర్చుని దిద్దుకున్నాం.

మీ ఇంట్లో చురుకైన పిల్లాడో పిల్లో ఉన్నట్టుండి మందకొడిగా మారితే, బద్ధకమని పేరు పెట్టకముందే ఒకసారి డాక్టరుకి చూపించండి. నేను ఆలస్యం చేశాను.