తెల్లరక్తం

లుకేమియా అనే మాటని విడదీస్తే రెండు గ్రీకు ముక్కలొస్తాయి. ఒకదానికి అర్థం తెలుపు, రెండోదానికి రక్తం. అంతే, తెల్లరక్తం. అందులో క్యాన్సర్ అన్న మాటే లేదు, చావు అన్న మాట అసలే లేదు.

ఈ సంగతి నాకు సెకండియర్‌లో తెలిసింది, అదీ బయాలజీ మీద ప్రేమతో కాదు. మా పిన్ని కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. నెల రోజులుగా జ్వరం తగ్గడం, మళ్లీ రావడం. దెబ్బ తగలకుండానే కాళ్ల మీద కమిలిన మచ్చలు. చివరికి హైదరాబాద్ తీసుకెళ్తే ఎముక మజ్జ తీసి పరీక్ష చేశారు. ఫైల్ మీద "ఎ.ఎల్.ఎల్." అని మూడక్షరాలు రాశారు. ఇంట్లో ఆ మూడక్షరాలు ఎవరూ పలకలేదు. "బ్లడ్ క్యాన్సరట" అన్నారు. మన ఇళ్లలో ఆ మాటకి అర్థం డాక్టర్లు చెప్పింది కాదు, సినిమాలు చెప్పింది. హీరో దగ్గుతాడు, తెల్ల కర్చీఫ్ మీద ఎర్రటి మరక, ఇంటర్వెల్. మా అమ్మమ్మయితే "ఎంత చురుగ్గా ఉండేవాడో" అనడం మొదలుపెట్టింది. వాడేమో పక్కగదిలో ఫోన్లో గేమ్ ఆడుకుంటున్నాడు.

పిన్ని మాత్రం ఏడవలేదు. "ఇంజనీరింగ్ చదువుతున్నావు కదే, అసలు దీనికి అర్థమేంటో చూసి చెప్పు" అంది. నాది మెకానికల్. అయినా కూర్చుని చదివాను.

1845లో బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో అనే 24 ఏళ్ల డాక్టరు, చనిపోయిన ఒక వంటావిడ రక్తాన్ని మైక్రోస్కోపులో చూశాడు. మామూలుగా ఎర్రకణాలు లెక్కలేనన్ని, తెల్లకణాలు అక్కడక్కడా ఉండాలి. ఇక్కడ అది తలకిందులైంది. అదే ఏడాది ఎడిన్‌బరోలో జాన్ హ్యూస్ బెన్నెట్ కూడా ఇలాంటి రక్తమే చూసి, అది చీము అనుకున్నాడు. విర్కో అలా కారణం జోలికి పోలేదు. కనబడింది కనబడినట్టు "తెల్లరక్తం" అన్నాడు. 1847లో దాన్నే గ్రీకులోకి మార్చి లుకేమియా అని పేరు పెట్టాడు. రీడింగ్ కంటే ముందు రిజల్ట్ తెలిసిపోయే ల్యాబ్ రికార్డులు చూసిన కళ్లకి, ఆ పద్ధతి నాకు భలే నచ్చింది.

కానీ ఆ పేరే పిన్నిని తికమక పెట్టింది. తెల్లకణాలు మైక్రోలీటరుకి 4,000 నుంచి 11,000 దాకా ఉంటే మామూలు. లుకేమియాలో అవి లక్షల్లోకి పోవచ్చు. మావాడి మొదటి రిపోర్టులో మాత్రం మామూలు కంటే తక్కువే ఉన్నాయి. "ఎక్కువైతే కదా జబ్బు? వీడికి తక్కువున్నాయి. అంటే లేనట్టేగా?" అంది పిన్ని. ఆ గొంతులో ఆశ వింటే ఏం చెప్పాలో తోచలేదు. లుకేమియాలో కౌంట్ తక్కువగా కూడా ఉండొచ్చు. అసలు గొడవ మజ్జలో జరుగుతుంది, రక్తంలో కనబడేది దాని పర్యవసానం.

పిన్ని వాళ్లది పాలకొల్లు దగ్గర పల్లె. అందుకని వరిచేను భాషలో చెప్పాను. చేలో ఊద పెరుగుతుంది కదా, చిన్నప్పుడు అచ్చం వరిలాగే ఉంటుంది, గింజ మాత్రం అక్కరకు రాదు. అది చేనంతా అల్లుకుంటే వరికి చోటుండదు. మజ్జలోనూ ఎదగని, పనికిరాని కణాలు అలాగే నిండిపోతాయి. ఎర్రకణాలకి చోటు లేక వాడు పాలిపోయాడు, ప్లేట్‌లెట్లకి చోటు లేక మచ్చలొచ్చాయి, పనిచేసే తెల్లకణాలు లేక జ్వరం వదల్లేదు. తేడా ఒక్కటే, ఊద వేరే విత్తనం. ఇక్కడ మన విత్తనమే తిరగబడింది. పిన్ని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఏ మందు కొడతారు?" అంది.

ఎ.ఎల్.ఎల్.లో మొదటి అక్షరం అక్యూట్. వేగంగా ముదిరేది అని అర్థం, నయం కానిది అని కాదు. నిజానికి పిల్లల్లో మందులకి బాగా లొంగే క్యాన్సర్లలో ఇదొకటి. మంచి వైద్యం పూర్తిగా అందే చోట్ల నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. పూర్తిగా అందడం అన్నదే కష్టం. రెండు మూడేళ్ల వైద్యం, మధ్యలో డబ్బులు, రైళ్లు, సెలవులు.

ఆ మందుల్లో ఒకటి మెథోట్రెక్సేట్. దాని వెనకున్న మనిషిది పిన్ని పక్క ఊరే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన బృందం దాన్ని తయారుచేసింది. తర్వాత దానికే అడ్డుపడే మందులూ చేసింది. అందులో ఒకటైన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకిస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ సంగతి 1948 జూన్‌లో అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. పిన్నికి గ్రీకు కంటే, విర్కో కంటే, భీమవరం బాగా పనిచేసింది. ఆసుపత్రిలో పక్క మంచాల వాళ్లందరికీ చెప్పింది.

ఇప్పుడు మావాడు మూడో తరగతి. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి కొంచెం ఉంగరాలు తిరిగి. ఆ మాత్రలు వారానికి ఒక్కరోజే వేయాలి, పొరపాటున రోజూ వేస్తే ప్రమాదం. అందుకని పిన్ని క్యాలెండర్‌లో ప్రతి మంగళవారం మీద ఎర్ర పెన్నుతో చుక్క పెడుతుంది. ఇంకా పదహారు చుక్కలున్నాయి.