టొలేడోలో ఒక రోజు

మీరు ఎప్పుడైనా స్పెయిన్ వెళ్తే, మాడ్రిడ్ నుండి ఒక రోజు టొలేడోకు వెళ్ళి రండి. అతోచా స్టేషన్‌లో రైలు ఎక్కితే సుమారు అరగంట ప్రయాణం. నడవడానికి మంచి బూట్లు వేసుకోండి. పాత ఊరంతా కొండ మీద ఉంది. తాజో నది దాని చుట్టూ మూడు వైపులా పారుతుంది.

స్టేషన్ నుండి నడిచి వెళ్తే అల్కంతారా వంతెన వస్తుంది. అరబీ భాషలో ఆ పేరుకు అర్థం వంతెన. స్పెయిన్ వాళ్ళు దాని ముందు "పుయెంతె" అనే తమ మాట చేర్చారు. దానికీ అర్థం వంతెనే! అంటే మీరు దాటేది "వంతెన వంతెన". పైన ఉన్న పెద్ద కూడలి పేరు సొకొదొవేర్. అదీ అరబీ నుండి వచ్చినదే: పశువుల సంత. ఈ ఊరిలో మనుషులు మారినా మాటలు మిగిలాయి.

కోట గోడ దగ్గర ఒక చిన్న మసీదు ఉంది. దాన్ని 999లో కట్టారు. ఎదుటి గోడ మీద ఇటుకలనే అరబీ అక్షరాలుగా పేర్చారు. లోపల తొమ్మిది చిన్న గుమ్మటాలు ఉన్నాయి. తల ఎత్తి చూడండి, ఏ రెండూ ఒకేలా ఉండవు. 1085లో ఆరవ అల్ఫోన్సో రాజు టొలేడోను తీసుకున్నాడు. తరువాత ఈ మసీదు చర్చి అయింది. ఊరిలోని పెద్ద మసీదు ఉన్న చోట 13వ శతాబ్దంలో కథీడ్రల్ కట్టడం మొదలుపెట్టారు.

మూడు మతాల వాళ్ళు ఇక్కడ కలిసి బ్రతికారని అందరూ చెప్తారు. అది నిజమే, కానీ సగం నిజం. 1391లో యూదుల మీద దాడులు జరిగాయి. 1492లో, మతం మారని యూదులందరినీ స్పెయిన్ నుండి వెళ్ళగొట్టారు.

అయినా, మనలాగా భాష నేర్చుకునేవాళ్ళకు ఈ ఊరు ఒక మంచి కథ చెప్తుంది. 12వ శతాబ్దంలో ఇక్కడ అరబీ పుస్తకాలను లాటిన్‌లోకి మార్చేవారు. ఇటలీలోని క్రెమోనా నుండి గెరార్డ్ అనే పండితుడు టోలెమీ రాసిన ఖగోళ గ్రంథం కోసం వచ్చాడు. అది లాటిన్‌లో లేదు. అందుకని ఆయన పెద్దవాడయ్యాక ఇక్కడే అరబీ నేర్చుకున్నాడు. ఇంకొక పుస్తకం, ఆత్మ గురించి ఇబ్న్ సీనా రాసినది. దాని పని ఇద్దరు కలిసి చేశారు. అవెన్‌దౌత్ అనే యూదు పండితుడు ఒక్కొక్క అరబీ మాటను అక్కడి వాడుక భాషలో పైకి చెప్పాడు. గుండిసాల్వో అనే క్రైస్తవ గురువు దాన్ని లాటిన్‌లోకి మార్చాడు. ముస్లిం రాసిన పుస్తకం, యూదు నోరు, క్రైస్తవుడి కలం!

మధ్యాహ్నం యూదుల పేటకు వెళ్ళాను. అక్కడ ఎల్ త్రాన్సితో అనే పాత ప్రార్థనా మందిరం ఉంది. రాజు కోశాధికారి సామ్యుయెల్ హ లెవి 14వ శతాబ్దంలో దాన్ని కట్టించాడు. గోడల పైభాగమంతా సున్నపు పనిలో హీబ్రూ అక్షరాలు. పూల మధ్యలో అరబీ అక్షరాలు కూడా ఉన్నాయి. నేను ఒక్కటీ చదవలేకపోయాను.

నా పక్కన ఒక ముసలాయన, ఆయన మనుమరాలు నిలబడి ఉన్నారు. ఆయన వేలు గాలిలో కుడి నుండి ఎడమకు కదుపుతూ, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. మధ్యలో తప్పు చదివి, నవ్వి, మళ్ళీ మొదలుపెట్టాడు. మనుమరాలు ఓపికగా వింటోంది. మన గుడి తరగతిలో నేను చదివేది కూడా అలాగే. నాకు దానికి ఎప్పుడూ సిగ్గుగా ఉండేది. ఆయనకు ఏమీ సిగ్గు లేదు.

సాయంత్రం కూడలిలో కూర్చుని మర్సిపాన్ తిన్నాను. బాదంపప్పుతో, చక్కెరతో చేసే ఈ మిఠాయికి టొలేడో పేరు పొందింది. చక్కెరను స్పానిష్‌లో "అసూకర్" అంటారు. ఆ మాట వాళ్ళకు అరబీ నుండి వచ్చింది. ఇంకా వెనక్కి వెళ్తే, దానికీ మన చక్కెరకూ మూలం ఒకటే, సంస్కృతంలోని శర్కర. చక్కెర అంటే మనకు నాటాల్ చెరకు తోటలు గుర్తుకు వస్తాయి కదా? నాకు మా మేనత్త పెట్టెలోని ఉత్తరం గుర్తుకు వచ్చింది.

అది చెరకు తోటలో పని చేస్తున్న మా ముత్తాతకు విశాఖపట్నం వైపు నుండి వచ్చిన ఉత్తరం. అత్తకు ఎనభై మూడేళ్ళు. ఆమె తెలుగు మాట్లాడుతుంది, కానీ ఆమెకు చదవడం ఎవరూ నేర్పలేదు. నేను గుడిలో చదవడం నేర్చుకున్నాను, కానీ చదివిన మాటల్లో చాలావాటికి అర్థం తెలియదు. చదవలేనని ఆమె, అర్థం కాదని నేను, ఇద్దరం సిగ్గుపడి ఆ ఉత్తరాన్ని ఎన్నోసార్లు మడిచి లోపల పెట్టేశాము.

డర్బన్‌కు తిరిగి వచ్చిన ఆదివారమే అత్త ఇంటికి వెళ్ళాను. నేను ఒక్కొక్క అక్షరం పైకి చదివాను. ఆమె కళ్ళు మూసుకుని విని అర్థం చెప్పింది. ఒక పేజీకి రెండు గంటలు పట్టింది. ఆవు ఈనిందట. చెల్లెలి పెళ్ళి కుదిరిందట. "నువ్వు ఎప్పుడు వస్తావు?" అని రెండుసార్లు రాశారు. రెండోసారి చదివినప్పుడు అత్త ఏమీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు, ఆ మాటలు నాకు తెలుసు.

ఒక్క మాట మాత్రం మా ఇద్దరికీ తెలియలేదు. దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టాను. వచ్చే తరగతికి తెస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళను కూడా తీసుకురండి.