సిలబస్‌లో లేని ప్రశ్న

ఏమండీ, స్టాటిస్టిక్స్ లెక్చరర్ కథ అనగానే మొహం అలా పెట్టారేం? మా కాచిగూడలో కామర్స్ చదివే పిల్లలూ అంతే, ఆ పేపర్ పేరెత్తితే చాయ్ సగంలో వదిలి లేచిపోతారు. మీరు మాత్రం కూర్చోవాలి. చాయ్ నాది.

సి.ఆర్.రావు గారి సంగతి చెప్తాను. 1920లో హడగలిలో పుట్టిన మన తెలుగాయన. ఎనిమిదో సంతానం, అందుకే కృష్ణుడి పేరు కలిసొచ్చేలా రాధాకృష్ణ అని పెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎం.ఏ. అయ్యాక, యుద్ధం రోజుల్లో ఏదో ఉద్యోగం ఉందని కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. బసలో పరిచయమైన ఒకాయన మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ చూపిస్తానంటే వెళ్ళి, 1941లో అక్కడే చేరిపోయారు. రాని ఉద్యోగానికి ఎవరైనా దండేస్తారా? నేను వేస్తాను!

1943లో కలకత్తా యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ ఎం.ఏ. మొదటి బ్యాచ్‌లో బంగారు పతకం. ఆ వెంటనే పాఠాలు చెప్పడం. అసలు కబురు ఇక్కడుంది. 1944లో ఒకరోజు క్లాసులో, స్టాటిస్టిక్స్‌లో దిగ్గజమైన ఫిషర్ గారి ఫలితం ఒకటి చెబుతున్నారు. శాంపిల్ బాగా పెద్దదైతేనే నిలబడే ఫలితం అది. దండేకర్ అనే కుర్రాడు లేచి, "చిన్న శాంపిల్‌కి ఇలాంటిది లేదా సార్?" అన్నాడు. మనవాళ్ళయితే ఏమనేవారు? సిలబస్‌లో లేదు, కూర్చో! ఈయన ఇంటికెళ్ళి, రాత్రికి రాత్రి లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో బోర్డు మీద పెట్టేశారు. అప్పటికి పాతికేళ్ళు కూడా లేవండీ.

ఏమిటా లెక్కంటారా? ఏ వైపూ మొగ్గని అంచనా ఎంత తెలివిగా కట్టినా, అది అటూఇటూ ఊగడం ఒక హద్దుకన్నా తగ్గదని. క్రామర్-రావు అసమానత అంటే అదే. 1945లో అచ్చయింది. ఆ కుర్రాడూ తక్కువవాడు కాదు, తర్వాత దేశంలో పేదరికం లెక్కలతో పేరు మోసిన వి.ఎం.దండేకర్ ఆయనే.

ఆ తర్వాత కేంబ్రిడ్జి. అక్కడి మ్యూజియంలో సూడాన్ తవ్వకాల ఎముకల కొలతలతో కుస్తీ, 1948లో ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. అరవై దాటాక మనం మనవళ్ళను ఆడిస్తాం. ఆయన అమెరికా వెళ్ళి మళ్ళీ పాఠాలు మొదలెట్టారు! 2023లో, 102 ఏళ్ళ వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. ఆ ఆగస్టులోనే పోయారు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద గుప్తా-కపూర్‌ల పాత స్టాటిస్టిక్స్ పుస్తకం కనబడితే బేరమాడకుండా కొనండి, ఆ రాత్రి లెక్క అందులో ఉంటుంది. ఇంకోటి, గచ్చిబౌలి వైపు సి.ఆర్.రావు రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు, తిట్టుకునే ముందు ఒకసారి బోర్డు చదవండి.