తోట దాకా వచ్చిన సరిహద్దు

మెల్‌బోర్న్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిసిన చోట ఎప్పుడో ఒకప్పుడు ఎయిర్‌పోర్టు ముచ్చట రాక మానదు. అమ్మ పంపిన కందిపప్పు తీసేసుకున్నారని, అత్తగారు ఎండబెట్టి ఇచ్చిన మిరపకాయలు చెత్తడబ్బాలో పడేశారని, పెట్టె మొత్తం కుమ్మరించి చూశారని. వింటుంటే నాకూ కడుపు తరుక్కుపోతుంది. ఆ మూటల వెనక ఎంత ఓపిక, ఎంత ప్రేమ ఉంటాయో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా ఈ విషయంలో నేను ఆ అధికారుల వైపే. ఇప్పుడు చదువుతున్న చదువు అందుకు ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం మా ఊరు వేంసూరు.

పగలు నాకు దిగుమతి కంటైనర్లు దించే గోదాములో ఉద్యోగం. పిల్లలు పడుకున్నాక పుస్తకాలు తెరుస్తాను. సరిహద్దు భద్రత, బయోసెక్యూరిటీ నేను చదివే విషయాలు, దూరవిద్యలో, పార్ట్‌టైమ్‌గా. సరిహద్దు అనగానే కంచె, తుపాకీ పట్టిన జవాను గుర్తొస్తారు. ఈ చదువులో శత్రువు పురుగు కావచ్చు, తెగులు కావచ్చు, కలుపు గింజ కావచ్చు, పశువుల రోగం కావచ్చు. చార్లెస్ స్టర్ట్ లాంటి యూనివర్సిటీలు ఇక్కడ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు ఏళ్ల తరబడి ఇలా ఇంటి నుంచే చదువు చెబుతున్నాయి. "ఇంట్లో కూర్చుని చదివేది కూడా చదువేనా?" అని మిత్రులు కొందరు అడిగారు. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. మా బాబాయి వ్యవసాయం చూసుకుంటూనే ఆదివారాలు ఖమ్మం వెళ్లి క్లాసులు విని డిగ్రీ పూర్తి చేశాడు. ఆ ఇంట్లో పెరిగినవాణ్ణి, దూరవిద్యను చులకనగా చూడలేను.

ఈ చదువులో మొదట నేర్పేది ప్రమాదాన్ని అంచనా కట్టడం. ఒక పురుగు దేశంలోకి రాగలదా, వస్తే ఇక్కడి ఎండావానల్లో బతకగలదా, బతికితే ఎంత దూరం పాకుతుంది, పాకితే నష్టమెంత. ఏ సరుకైనా ఈ నాలుగు ప్రశ్నలు దాటాలి. రాత్రి చదివింది మర్నాడు గోదాములో కళ్లెదుట కనిపిస్తుంది. దేశాలు దాటి వచ్చే చెక్క ప్యాలెట్ల మీద గోధుమ కంకి బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది, దాంతోపాటు దేశం కోడ్. చాలావాటి మీద హెచ్.టి. అన్న అక్షరాలుంటాయి. చెక్క నడిమధ్య దాకా 56 డిగ్రీల వేడి తగిలేలా 30 నిమిషాలు ఉంచారని, లోపల దాగిన పురుగు చచ్చిందని ఆ ముద్ర హామీ. అది లేని ప్యాలెట్ కనిపిస్తే పని ఆపేసి కబురు చేయాల్సిందే.

మన పప్పులంటే ఇక్కడివాళ్లకు అంత భయం ఎందుకంటే ఖప్రా అనే పెంకు పురుగు వల్ల. దాని పుట్టిల్లు మన ఉపఖండమే అంటారు. పెద్దదైనా మూడు మిల్లీమీటర్లకు మించదు. దాని పిల్లపురుగు మాత్రం తిండి లేకుండా ఏళ్ల తరబడి కంటైనర్ నేలచెక్కల కింద, గోడల పగుళ్లలో పడి ఉండగలదు. ధాన్యం గోదాముల్లో అది చేరిందంటే ఆ దేశం గోధుమలు కొనడానికి మిగతా దేశాలు వెనకాడతాయి. అందుకే 2020 అక్టోబరు నుంచి ప్రయాణికులు బియ్యం, శనగలు, పెసలు, జీలకర్ర, ఎండుమిర్చి లాంటివి పెట్టెలో తేవడాన్ని ఆస్ట్రేలియా ఆపేసింది. పశువుల రోగాల విషయంలోనూ ఇంతే కఠినం. ఆ నిషేధానికి ఏడాది ముందు, 2019 అక్టోబరులో, పచ్చి పందిమాంసంతో సహా చాలా ఆహారం చెప్పకుండా తెచ్చిన ఒక ప్రయాణికురాలి వీసా సిడ్నీలో రద్దు చేసి వెనక్కి పంపారు. గాలికుంటు వ్యాధి ఈ దేశంలో చివరిసారి కనబడింది 1872లో. 2022లో ఇండొనేషియాలో అది బాలి దాకా పాకగానే ఇక్కడి ఎయిర్‌పోర్టుల్లో, ఆ దేశం నుంచి వచ్చేవాళ్ల చెప్పుల కోసం, మందు తడిపిన పట్టలు పరిచారు. ఇదంతా అతి అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను.

2021 చివర్లో మా నాన్న ఫోన్‌లో మాట్లాడిన తీరు నాకింకా గుర్తుంది. మాకున్నది మామిడి తోట. ఆ ఏడు కొంత పొలం కౌలుకు తీసుకుని మిర్చి పెట్టాడు. "పువ్వులోకి దూరి కూర్చుంటందిరా. ఏం కొట్టినా చావట్లేదు. పూతంతా రాలిపోతంది" అన్నాడు. ఏం పురుగు నాన్నా అంటే, "తామర పురుగే అంటన్నారు. కానీ నల్లగా ఉంది. నా ఎరికలో ఎప్పుడూ చూళ్లేదు" అన్నాడు. బుద్ధెరిగిన నాటి నుంచి మిర్చి చేలో తిరిగిన మనిషి అన్న మాట అది. చూళ్లేదన్న మాట నిజమే. ఆ పురుగు మనది కాదు. దాని పేరు త్రిప్స్ పార్విస్పైనస్, ఆగ్నేయాసియాది. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. మనకు తెలిసిన తామర పురుగు ఎక్కువగా ఆకు మీద ఉండి పైముడత తెస్తుంది, దానికి రైతు దగ్గర మందూ ఉంది, అనుభవమూ ఉంది. ఇది పువ్వు లోపల ఉంటుంది కాబట్టి మందు తాకదు. పువ్వు రాలుతుంది, కాయ నిలవదు. గుంటూరు, ఖమ్మం, వరంగల్ రైతులు ఒకదాని మీద ఒకటి మందులు కొట్టారు. ఆ మందులకు పురుగును తినే మిత్రపురుగులు పోయాయి. నీలిరంగు జిగురు అట్టలు చేనంతా కట్టారు. చివరికి చాలామంది ట్రాక్టరు పెట్టి పూత మీదున్న చేలు దున్నించేశారు. మిర్చి అంటే ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి, పైన కౌలు. నాన్న కూడా సగం చేను దున్నించాడు.

ఎయిర్‌పోర్టు బల్ల మీద తీసేసిన మిరపకాయల గురించి ఎవరైనా చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చేది ఆ చేనే. పురుగు ఏ ఓడలో వచ్చిందో, ఎవరి సంచిలో వచ్చిందో రైతు ఎవరినీ నిలదీయలేడు. నష్టం మాత్రం పూర్తిగా అతనిదే. సరిహద్దులో ఒకరు చేసే చిన్న తనిఖీ ఎక్కడో ఉన్న ఒక కౌలు రైతు అప్పుతో ముడిపడి ఉందని నాకు ఈ చదువు వల్ల తెలిసింది.

ఇలా వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. మా ఊరి రోడ్ల పక్కన మోకాలెత్తు పెరిగే వయ్యారిభామ 1950లలో దిగుమతి గోధుమలతో వచ్చిందంటారు. మొక్కజొన్న సుడిని కొరికే కత్తెర పురుగు 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గలో బయటపడి, ఆ ఏడాదే తెలంగాణకు చేరింది. సర్పిలాకార తెల్లదోమ 2016లో పొల్లాచ్చి కొబ్బరి మీద కనిపించింది. తర్వాత మన వైపు పామాయిల్ తోటల్లోకీ వచ్చి ఆకుల మీద నల్లటి మసి పట్టిస్తోంది.

వేంసూరుకు 2014 జూన్ 2 నుంచి రాష్ట్ర సరిహద్దు కూడా వచ్చింది. అటు చింతలపూడి, ఇటు తిరువూరు, చుట్టాలు రెండు వైపులా. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ రాగానే తెలంగాణ చెక్‌పోస్టుల్లో కోళ్ల లారీలను ఆపింది. అది సరైన పని. 2021 మేలో ఇవే సరిహద్దుల్లో కరోనా రోగులున్న అంబులెన్సులను ఆపారు, హైకోర్టు ఆ ఆంక్షల మీద స్టే ఇవ్వాల్సి వచ్చింది. రోగాన్ని ఆపడం పేరుతో రోగిని ఆపడం భద్రత కాదు. ఈ చదువు చదివే ప్రతి ఒక్కరికీ మొదటి పాఠంగా చెప్పాల్సింది ఇదే అనుకుంటాను.

అవతలి దేశం తలుపు మూస్తే ఏమవుతుందో మామిడి రైతులు 2014లో చూశారు. పండు ఈగలు కనబడ్డాయని ఆ మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన మామిడిని ఆపేసింది. మళ్లీ తెరిచింది 2015లోనే. ఈ ఈగ పక్వానికొచ్చిన కాయ తొక్కలో గుడ్లు పెడుతుంది. కోస్తే లోపల పురుగులు. దానికి మందు కంటే ముందు చేయాల్సింది రాలిన కాయలు ఏరి గుంటలో లోతుగా పూడ్చడం, మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు కట్టడం. మా నాన్న ఇప్పుడు ఆ రెండూ చేస్తున్నాడు, పక్క తోటలవాళ్లకూ చెబుతున్నాడు.

అశ్వారావుపేట వ్యవసాయ కాలేజీలో చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉంది, ఈ విద్యలో శిక్షణ అక్కడే దొరుకుతుంది, ఆస్ట్రేలియా దాకా రానక్కర్లేదు. ఇక విమానం ఎక్కేవాళ్లకు: ఇటు వచ్చేటప్పుడు తెచ్చినవన్నీ ప్రయాణికులు నింపే కార్డులో రాయండి. రాసి పారేయించుకున్నా జరిమానా పడదు, దాస్తే పడుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు విదేశీ గులాబీ కొమ్మ, పువ్వుల విత్తనాలు, చక్కగా ఉందని తవ్విన మొక్క పెట్టెలో పెట్టుకోకండి. మన దేశంలోనూ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ఉంది, పర్మిట్, ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే అవి తేకూడదు. మీ ఊళ్లో కూడా మిర్చి వేసుకుని బతికేవాళ్లు ఉన్నారు, దయచేసి వాళ్లను తలుచుకుని పెట్టె సర్దుకోండి.