అమావాస్య పోటు

ఈ ప్రయాణం అసలు నలుగురు స్నేహితులది. జనవరిలో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. దానికి తాబేలు బొమ్మ, నేను చేసిన ఒక ఎక్సెల్ షీటు, బోలెడన్ని ఆశ్చర్యార్థకాలు. మార్చి వచ్చేసరికి ఒకమ్మాయికి ఆఫీసులో రిలీజు, ఇంకొకమ్మాయికి పెళ్ళిచూపులు. మూడో మనిషి ఏమీ చెప్పలేదు, గ్రూపులో మాట్లాడటం మానేశాడంతే. మిగిలింది నేనూ, నా షీటూ.

ఆ షీటంటే నాకు కాస్త గర్వమే. 2025లో ఉగాది ఆదివారం వచ్చిందని ఆఫీసంతా ఏడుస్తుంటే, సోమవారం రంజాన్ వచ్చి ఆదుకుంది. శుక్రవారం రాత్రి బండెక్కితే మంగళవారం పొద్దున్నకి మళ్ళీ హైదరాబాద్‌లో ఉండొచ్చు. నాకు సముద్రం కావాలి, కానీ మొక్కజొన్న పొత్తులూ గుర్రం స్వారీలూ ఉండే సముద్రం కాదు. ఏదో ఒక ప్రాణి తన పని తను చేసుకుంటూ ఉంటే దూరంగా నిలబడి చూడాలి, అంతే.

వసంతంలో మన తూర్పుతీరానికి వెళ్ళాలంటే ఒక చిక్కుంది. కావ్యాల్లో వసంతం వేరు, కోస్తాలో వసంతం వేరు. కోయిల కూస్తుంది, నిజమే. కానీ ఆ కూతని ఉక్కపోతలో వీపు తడిసిపోతూ వినాలి. పక్షులు కూడా అప్పటికి చాలావరకు సర్దుకుపోతుంటాయి. పులికాట్‌కి రాజహంసలు వచ్చేది వానలయ్యాక. మార్చి చివరికి సరస్సులో నీళ్ళు లాగేస్తాయి, వాటి గుంపులూ పలచబడతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు సెప్టెంబరు ప్రాంతంలో దిగి, ఊళ్ళో చెట్లమీదే పిల్లల్ని పెంచి, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతాయి. (అవి సైబీరియా నుంచి వస్తాయని తరచూ చదువుతుంటాం. ఆ చుక్కలముక్కు గూడబాతులు దక్షిణాసియావే. సైబీరియా అంటే మనకి ఎందుకో గౌరవం.) కాకినాడ దగ్గర చలికాలమంతా గడిపే స్కిమ్మర్లు, అదే, కింది ముక్కు పై ముక్కుకంటే పొడుగ్గా ఉండి దానితో నీళ్ళని దున్నుకుంటూ పోయే పక్షులు, అవి కూడా గుడ్లు పెట్టడానికి నదుల ఇసుక తిన్నెలకి బయల్దేరిపోతాయి.

వెళ్ళేవాటి లెక్క అలా ఉంటే, ఆ రోజుల్లో కొత్తగా వచ్చేవి ఒక్కటే: ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు. తల్లులు జనవరి నుంచి రాత్రిపూట ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తవ్వి, వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి, గుంట పూడ్చి వెళ్ళిపోతాయి. మళ్ళీ వెనక్కి చూడవు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు. అందులో బతికి పెద్దదైన ఆడ తాబేలు, ఎన్నో ఏళ్ళ తర్వాత, తను పుట్టిన తీరం వైపుకే గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఇక్కడ నేను మా అమ్మకీ తాబేలుకీ పోలిక తెస్తానని మీరు అనుకోవచ్చు. తేను. అమ్మకి నచ్చదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఇంకోటి కూడా తెలుసుకుని వెళ్ళాలి. అదే తీరంలో, అదే నెలల్లో, చచ్చిన తాబేళ్ళు కూడా కొట్టుకొస్తాయి. వాటికి ఊపిరి కావాలి, ట్రాలర్ వలలో చిక్కితే పైకి రాలేవు. తాబేలు తప్పించుకోవడానికి వలకి కన్నం పెట్టే ఏర్పాటు ఉంది గానీ, ఆ కన్నంలోంచి చేపలూ పోతాయని చాలామంది దాన్ని ఇష్టపడరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట బంద్. అప్పటికి గుడ్లు పెట్టే కాలం దాదాపు అయిపోతుంది.

అలా షీట్లో కాకినాడా, కోరంగి మడ అడవీ ఖాయమయ్యాయి. చదివేకొద్దీ కోరంగి నన్ను వదల్లేదు. ఇప్పుడు అభయారణ్యం, 1978 నుంచి. నీటికుక్కలు, బావురుపిల్లి, నక్కలు ఉంటాయి. ఒకప్పుడు అది పెద్ద రేవు. ఓడలు కట్టిన ఊరు. అక్కణ్ణుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరికీ ‘కోరంగీ’లనే పేరు పడిపోయింది. 1789లో ఒక తుఫాను ఊరిని ముంచింది. 1839లో ఇంకొకటి. రెండోదాని తర్వాత రేవు మళ్ళీ లేవలేదు. ‘సైక్లోన్’ అనే మాటని పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ కలకత్తాలో కూర్చుని పాత తుఫానుల వివరాలన్నీ పోగుచేశాడు, వాటిలో కోరంగిదీ ఉంది. గ్రీకులో పాము చుట్టకి వాడే మాటలోంచి తీశాడట ఆ పేరు.

ఇదంతా ఒక ఆదివారం వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మకి చదివి వినిపిస్తున్నాను. స్నేహితులు రానన్నారు కాబట్టి, ఎవరో ఒకరికి చెప్పుకోవాలి కదా. అమ్మ గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. మొత్తం విని, తల ఎత్తకుండానే, “తొంభయ్యారు రాయలేదేంటి?” అంది.

మా అమ్మది తాళ్ళరేవు. కోరంగికి పక్కనే. ఈ సంగతి నాకు తెలుసు, తెలిసీ షీట్లో ఎక్కడా లేదు. మా ఇంట్లో ఆ ఊరు పేరు అప్లికేషన్లలో రాయడానికే గానీ మాట్లాడుకోవడానికి కాదు. చిన్న మావయ్య ఫొటో ఒకటి బీరువాలో, చీరల కింద ఉంటుంది. చారల చొక్కా, పక్కపాపిడి. తుఫానులో పోయాడని తెలుసు. అంతకుమించి అడిగిన గుర్తు లేదు.

ఆ రోజు అమ్మే చెప్పింది. అప్పటికి రొయ్యల చెరువుల జోరు. మావయ్యకి పంతొమ్మిదేళ్ళు. చదువు మీద ధ్యాస లేదని తాతగారి గొడవ. స్నేహితుడి పడవలో కాలవల్లోకి వెళ్ళి, వేటగాళ్ళు పట్టిన రొయ్యపిల్లల్ని కొని చెరువులవాళ్ళకి అమ్మేవాడు. వెయ్యి పిల్లలకి ఇంత అని లెక్క. గోకర్ణంలో నీళ్ళు పోసుకుని ఒక్కొక్క పిల్లనీ లెక్కపెట్టేవాడట, వెంట్రుకంత ఉండేవట. 1996 నవంబరు 6న పడవ వేసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది. వెయ్యిమందికి పైగా పోయారు. కోనసీమలో కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. అమ్మ అప్పటికి హైదరాబాద్‌లో, నేను ఆరో నెల కడుపులో. ఫోన్లు లేవు. మూడో రోజు ఎవరో మనిషి వచ్చి చెప్పాడు. కడుపుతో ఉన్న పిల్ల ప్రయాణం చెయ్యకూడదన్నారు అత్తారింట్లో. మావయ్య దొరకలేదు. దొరకనివాడికి ఏ రోజు కర్మ చెయ్యాలో తేల్చుకోవడానికే పెద్దవాళ్ళకి చాలా రోజులు పట్టిందట. ఆ తర్వాత తాతగారూ అమ్మమ్మా రాజమండ్రిలో పెద్ద మావయ్య దగ్గరకి మారిపోయారు. అమ్మకి ఆ ఊరు వెళ్ళే పని లేకుండా పోయింది.

“దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. అమావాస్య కూడా కాదు. వాడి లెక్క ప్రకారం నీళ్ళు అంత ఎక్కకూడదు,” అంది అమ్మ. చిక్కుళ్ళ పళ్ళెం తీసుకుని లేచింది. పొయ్యి దగ్గరికెళ్ళాక, అటు తిరిగే, “నేను కూడా రానా?” అంది.

సరే అన్నాను. ఏమనాలో తెలియక, తెల్లబోయి, సరే అన్నాను. ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. నిజం చెప్పాలంటే మొదట వచ్చింది జాలి కాదు, విసుగు. నా నాలుగు రోజుల సెలవు ఇంకేదో అయిపోతోందని. తాబేళ్ళు చూద్దామని బయల్దేరినదాన్ని, అమ్మ అక్కడ కూలబడి ఏడిస్తే ఏం చెయ్యాలి? ఎవర్ని పిలవాలి? షీట్లో దానికి గడి లేదు.

మర్నాటి నుంచి మాత్రం అమ్మ ప్లానింగులోకి పూర్తిగా దిగిపోయింది. మొదటి అభ్యంతరం గౌతమి ఎక్స్‌ప్రెస్ మీద. శుక్రవారం రాత్రికే అమావాస్య వచ్చేస్తుంది, ఆ ఘడియల్లో ప్రయాణమేంటని. టికెట్లు కన్‌ఫర్మ్ అయిపోయాయని చెప్తే, రైల్వేవాళ్ళకి బుద్ధి లేదంది. రెండో అభ్యంతరం విన్నాక నా గర్వం కాస్త తగ్గింది. శనివారం మధ్యాహ్నం మూడింటికి మడ అడవిలో పడవ షికారు అని రాసుకున్నాను, ఎండ తగ్గుతుందని.

“అమావాస్యనాడు మూడింటికి కాలవలో నీళ్ళెక్కడుంటాయే? పడవ బురదలో కూచుంటుంది.”

“నీకెలా తెలుసు?”

“అమావాస్యకీ పున్నానికీ పొద్దున్నే పోటు. ఆరు గంటలకి పాటు. అక్కణ్ణుంచి తిథికి ముప్పావుగంట పైన కలుపుకుంటూ పో. తమ్ముడు చెప్పేవాడు.”

ఫోన్‌లో ఆటుపోట్ల పట్టిక తీసి చూశాను. అమ్మ లెక్కకీ దానికీ పెద్ద తేడా లేదు. సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీదకి వచ్చే రోజుల్లో పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. రాత్రీ పగలూ సమానమయ్యే మార్చి నెలాఖర్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. ఉగాది ఎప్పుడూ అమావాస్యని ఆనుకునే వస్తుంది కాబట్టి, మన కొత్త సంవత్సరం ఏటా పెద్ద పోటు మీదే వస్తుంది. ఇది ఎక్కడా చదవలేదు, చిక్కుళ్ళు తుంచే మనిషి చెప్తే తెలిసింది. షీటు మొత్తం తిరగరాశాను. నీళ్ళు దిగినప్పుడు నడక, ఎక్కినప్పుడు పడవ.

శనివారం రెండున్నరకి మడ అడవిలో చెక్కల వంతెన మీద మేమిద్దరమే నిదానంగా నడిచాం, మిగతావాళ్ళు సెల్ఫీలు తీసుకుంటూ దాటిపోయారు. కింద బురదంతా బయటపడి ఉంది. మడచెట్ల వేళ్ళు పెన్సిళ్ళు గుచ్చినట్టు నేలలోంచి పైకి, గాలి కోసం. వాటి మధ్య బురద మీద రెక్కల్తో పాక్కుంటూ వేలెడంత చేపలు. ఒంటిచేయి ఎర్రగా ఊపుతూ పీతలు. నేను ఒక ఆకు తుంచబోతే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అది తిల్ల. పాలు కంట్లో పడితే చూపు పోతుంది.” తర్వాత వరసగా చెప్పింది: ఇది నల్లమడ, ఇది తెల్లమడ. అమ్మకి ఇన్ని పేర్లు తెలుసని నాకు ఇరవై ఎనిమిదేళ్ళకి తెలిసింది. ఈ చెట్ల వెనక ఉన్న ఊళ్ళకి అప్పుడు కాస్త దెబ్బ తగ్గిందని కూడా అంది. అప్పుడు అంటే ఎప్పుడో నేను అడగలేదు. అమ్మ ఏడవలేదు. మంచినీళ్ళు అడిగింది.

ఆదివారం చీకటితోనే తీరం వెంట తాబేలు గుడ్లు కాపాడే చోటుకి వెళ్ళాం. సరుగుడు తోట పక్కన వలతో కట్టిన చిన్న దడి. లోపల ఇసుకలో వరసగా గుంటలు, ఒక్కోదానికి పుల్ల, పుల్లకి అట్టముక్క. దాని మీద గుడ్లు తెచ్చిన తారీఖు, ఎన్ని గుడ్లు. ఆ పొద్దు ఏ గుంటా కదల్లేదు. నిన్న వచ్చుంటే ఒక గుంటలోంచి ఎనభై దాకా వదిలామండి, అన్నాడు కాపలా ఉండే అబ్బాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. జనవరి నుంచి నేను ప్లాన్ చేసింది దీనికోసమే.

అమ్మ మాత్రం దడి చుట్టూ తిరుగుతూ అట్టముక్కలన్నీ చదివింది. ఫిబ్రవరి 9, నూట నాలుగు. ఫిబ్రవరి 11, తొంభై ఏడు. ఫిబ్రవరి 11, నూట పన్నెండు. ప్రతిదీ పైకి చదివింది, నెమ్మదిగా, ఏదీ వదలకుండా.

“ఇన్నిట్లో ఎన్ని బతుకుతాయి బాబూ?”

“వెయ్యికి ఒకటి అంటారండి అమ్మగారూ. సముద్రం కదండి ఆయ్.”

అమ్మ తలూపింది. ఆ లెక్క తనకి కొత్త కాదన్నట్టు.

లాడ్జికి వచ్చాక అమ్మ సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసింది. హైదరాబాద్ నుంచి వేపపువ్వు తెచ్చింది, కాకినాడలో వేపచెట్లు లేనట్టు. స్టీలు గ్లాసులో పచ్చడి కలిపింది. తిని, ఎండలోనే మళ్ళీ కోరంగి వెళ్ళాం. పడవల రేవు దగ్గరకి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. పడవ అబ్బాయి రమ్మని చెయ్యి ఊపాడు. నేను అమ్మ మొహం చూశాను. అమ్మ నా వైపు చూడలేదు, కాలవ వైపు చూస్తోంది. ఒడ్డు వారన చెట్టు మొదలు మీద తడి గీత ఒకటి, నీళ్ళకి జానెడు పైన.

“నీళ్ళు లాగుతున్నాయి. ఇప్పుడు వెళ్తే వచ్చేటప్పటికి బురదే. రేపు పదిన్నరకి నిండుపోటు, అప్పుడు రావాలి.”

“ఎక్కుదువా మరి?”

“పదింటికల్లా ఇక్కడుండాలి. రాసుకో.”

సోమవారం వరసలో ఆ గడి ఖాళీగానే ఉంది. పది, పడవ అని రాశాను. ఇద్దరు అని రాయబోయి, అమ్మ అప్పటికే ఆటో వైపు నడుస్తుంటే, ఫోన్ జేబులో పెట్టుకుని వెనకే వెళ్ళాను.