కొండ రైలెక్కండి... ఇద్దరూ కలిసి!

వేసవి సెలవులొస్తున్నాయంటే మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పాలా? ఆవకాయ జాడీలు కడిగి ఆరబెట్టడం, వడియాలు పెట్టి కాకుల్ని తోలడం, ఆడపడుచు పిల్లలొస్తే జంతికలు వండటం, మధ్యలో రెండు పెళ్ళిళ్ళు, ఒక గృహప్రవేశం. "ఎక్కడికైనా వెళ్దామండీ" అని నోరు విప్పితే, "మొన్నే సింహాచలం వెళ్ళొచ్చాంగా!" అంటారు శ్రీవారు. చందనోత్సవం నాడు ఎండలో గంటల తరబడి క్యూలో నిలబడ్డాన్ని కూడా విహారయాత్ర కింద జమకట్టేస్తారు!

యూరప్‌లో చదువుకుంటున్న మా బంధువులమ్మాయి ఒకతె కిందటి వేసవిలో ఏం చేసిందో వింటే మీరూ నాలాగే ముక్కున వేలేసుకుంటారు. రెండు వారాలు ఒక పల్లెటూళ్ళో పదిమంది కొత్తవాళ్ళతో కలిసి కూలిపోయిన రాతిగోడలు కట్టిందట. కూలీ డబ్బుల్లేవు. తిండీ, పడకా వాళ్ళే ఇచ్చారు. ఆ తర్వాత మరో రెండు వారాలు రైళ్ళలో తిరిగి ఊళ్ళు చూసిందట. ఆ గోడ దగ్గర రాళ్ళందించిన అబ్బాయి ఫొటో ఇప్పుడు వాళ్ళమ్మ ఫోన్‌లో ఉంది. ముహూర్తం ఎప్పుడో ఇంకా తేలలేదు!

ఇది ఆ అమ్మాయికి కొత్తగా పుట్టిన సరదా అనుకోకండి. దీనికి నూరేళ్ళ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని వెర్డన్ ప్రాంతం సర్వనాశనమైంది. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు కొందరిని వెంటబెట్టుకుని అక్కడి ఎస్న్ అనే ఊరికి వెళ్ళి, పడిపోయిన ఇళ్ళ పనికి చెయ్యి వేశాడు. యుద్ధంలో శత్రువులుగా ఉన్న దేశాలవాళ్ళు ఒకేచోట పార పట్టుకోవాలన్నది ఆయన ఆశయం. అలా మొదలైన సంస్థే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్. 1934 జనవరిలో బీహార్‌లో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఆ సెరెసోల్ మన దేశానికీ వచ్చాడు, అక్కడి పల్లెల్ని తిరిగి నిలబెట్టే పనిలో పాలుపంచుకున్నాడు. ఇక 1972లో యూరప్‌లో కుర్రకారు కోసం 'ఇంటర్‌రైల్' అనే రైలు పాస్ వచ్చాక, ఒక్క టిక్కెట్టుతో దేశాలన్నీ చుట్టెయ్యడం వాళ్ళకి వేసవి ఆనవాయితీ అయిపోయింది.

మన రాష్ట్రంలోనే ఉన్న ఒక జంట సంగతి కూడా చెప్పనివ్వండి. విన్సెంట్ ఫెర్రర్ స్పెయిన్ దేశం నుంచి వచ్చిన క్రైస్తవ గురువు. ఆన్ పెర్రీ ఇంగ్లండులో పుట్టి, బొంబాయిలో పత్రికా విలేఖరిగా పనిచేసిన అమ్మాయి. 1969లో అనంతపురంలో కరువు పల్లెల కోసం పని మొదలైంది. 1970లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. 2009లో ఆయన కన్నుమూసేదాకా ఆ పనే వాళ్ళ కాపురం. చూడ్డానికి వచ్చినవాళ్ళు పనిచేస్తూ ఉండిపోతే ఇలా ఉంటుంది.

"అంత దూరం మనమెక్కడ? అంత త్యాగం మనవల్ల ఎక్కడవుతుంది?" అంటారా? అవనే అక్కర్లేదు. నాలుగు రోజులు చాలు. పాస్‌పోర్టు కూడా అక్కర్లేదు. కొత్తవలస స్టేషన్‌కి వస్తే చాలు!

కొత్తవలసలో మలుపు

కొత్తవలస విజయనగరం జిల్లాలో ఉంది. విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్ళే దారిలో రైలు ఇక్కడ ఆగితే టీ తాగడం తప్ప మరో ఆలోచన రాదు మనకి. కానీ ఇది మామూలు స్టేషన్ కాదు, జంక్షన్. ఇక్కడ ఒక లైను విజయనగరం వైపు సాగిపోతే, మరొకటి ఎడంగా తిరిగి కొండలెక్కడానికి బయల్దేరుతుంది. అదే కొత్తవలస - కిరండుల్ లైను. 'కెకె లైన్' అంటారు. పొడవు సుమారు 445 కిలోమీటర్లు.

ఈ దారి వేసింది మన విహారం కోసం కాదు సుమండీ! బైలదిల్లా కొండల్లోని ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికని, 1960లలో జపాన్ సహకారంతో ఈ లైను వేశారు. దారి పొడవునా 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు ఉన్నాయని లెక్క. ఎర్రటి ధూళితో నిండిన గూడ్సు బళ్ళు కిందికి దిగుతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న మనం పైకి వెళ్తాం.

కొత్తవలస దాటాక లక్కవరపుకోట, శృంగవరపుకోట. అటూ ఇటూ మామిడి తోటలు, తాటిచెట్లు, ఎండకి బీటలువారిన పొలాలు. బొడ్డవర దగ్గర్నించి అసలు కథ మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి... ఒక్కో స్టేషన్‌కీ గాలి మారుతుంది. ఉక్క తగ్గి చీర కొంగు ఎగరడం మొదలవుతుంది.

సొరంగంలోకి రైలు దూరగానే పిల్లలంతా ఒక్కసారి కేకలేస్తారు. ఆ చీకట్లో పక్కనున్న మీవారి చెయ్యి పట్టుకుంటే ఎవరు చూడొచ్చారు? అత్తగారు ఎదుటి సీట్లో ఉన్నా భయం లేదు! పెళ్ళయి ఏడాదైనవాళ్ళకే కాదు, పాతికేళ్ళయినవాళ్ళకీ ఈ సలహా వర్తిస్తుంది.

2017లో ఈ మార్గంలో అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె ప్రవేశపెట్టారు. బాగానే ఉంటుంది. కానీ నన్నడిగితే మామూలు పెట్టెలో తెరిచిన కిటికీయే మేలు. కొండ గాలీ, పనసపండు వాసనా లోపలికి రావాలంటే అద్దం అడ్డు ఉండకూడదు కదా!

గుహలో రాలే చుక్క

బొర్రా గుహల స్టేషన్‌లో దిగండి. సున్నపురాతి కొండలో లక్షల ఏళ్ళుగా నీరు ఊరి, చుక్కచుక్కగా రాలి, ఆ చుక్కలోని సున్నం పేరుకుని ఇలా రకరకాల ఆకారాలు కట్టింది. ఒకచోట శివలింగమంటారు, మరోచోట తల్లీబిడ్డలంటారు. మన ఊహ ఎలా పోతే అలా కనిపిస్తాయి. గోస్తనీ నది పుట్టుక ఈ కొండల్లోనే. ఆవు పొదుగు లాంటి రాతి నుంచి ధార పడటం వల్ల గోస్తని అన్న పేరు వచ్చిందని స్థలపురాణం చెబుతుంది. ఈ గోస్తనీ కిందికి దిగి, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయంలో ఆగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం జనానికి తాగునీరు. అంటే నగరంలో కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళలో ఈ కొండల నీళ్ళూ ఉన్నాయన్నమాట. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

బొర్రా దాటాక కరకవలస, ఆపైన శిమిలిగుడ. సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తు. కాశ్మీర్ లోయలోకి 2008లో రైలు రాకముందు, బ్రాడ్ గేజ్ స్టేషన్లలో ఎత్తైనదిగా దీని పేరే చెప్పేవారు. ఆ తర్వాత అరకు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు అందరూ చూసేవే, మీరూ చూడండి. వెండి ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకి అల్లుకున్న మిరియాల తీగలు చూస్తే కళ్ళు చల్లబడతాయి. ఈ అరకు కాఫీ పేరుతో 2017లో పారిస్‌లో దుకాణమే తెరిచారు. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మనం యూరప్ వెళ్ళకపోయినా మన కొండ కాఫీ వెళ్ళొచ్చింది!

చెలమ దగ్గర

చూడ్డం అయింది. ఇక రెండో ముచ్చట.

మాకు తెలిసినవాళ్ళు నడిపే చిన్న బృందంతో మావారూ నేనూ అరకు దగ్గర ఒక కొండపల్లెకి రెండు రోజులు వెళ్ళాం. ఊరి పేరు రాయను. రాస్తే వచ్చే వారానికల్లా కెమెరాలు బారులు తీరతాయి! వెళ్ళేముందే మా బృందం పెద్ద ఆ ఊరివాళ్ళని "ఏం కావాలి?" అని అడిగింది. పాత బట్టలొద్దు, మిఠాయిలొద్దు అన్నారు. వానలు పడకముందే నీటి చెలమ బాగుచేసుకోవాలి, నాలుగు చేతులు సాయమొస్తే చాలన్నారు.

చెలమ అంటే కొండవాలున నీరు ఊరే చోటు. బురద పేరుకుపోయింది, పక్కరాళ్ళు జారిపోయాయి, పశువులు దిగి తొక్కేస్తున్నాయి. ఊరివాళ్ళు బురద తోడితే మేము తట్టలు అందుకున్నాం. వాళ్ళు రాళ్ళు పేర్చారు, మేము మోశాం. చుట్టూ వెదురు దడి కట్టారు. పని నేర్పింది వాళ్ళు, నేర్చుకున్నది మేము. మధ్యాహ్నం చోడి అంబలి పోశారు. అంత రుచి నాకు ఏ విందులోనూ తగల్లేదు.

మావారిది కుర్చీ ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళ కాపురంలో బిందె ఎత్తి ఎరగరు. సాయంత్రం అక్కడి ఆడవాళ్ళతో పాటు ఆయన కూడా ఒక బిందె భుజాన పెట్టుకుని గట్టెక్కబోయారు. ఊళ్ళోకి చేరేసరికి సగం నీళ్ళు చొక్కా మీదే ఉన్నాయి! ఒక ముసలమ్మ చూసి, "ఒలమ్మా, బాబుకి బిందె అలవాటు నేదేటి?" అంది. అందరం పగలబడి నవ్వాం. ఆయనా నవ్వారు. ఆ ముసలమ్మ మాత్రం తలమీద ఒకటి, చంకలో ఒకటి పెట్టుకుని చుక్క తొణక్కుండా వెళ్ళిపోయింది.

రాత్రి బడి వరండాలో చాపలు పరుచుకుని పడుకున్నాం. ఆకాశం నిండా చుక్కలు. చాలాసేపు మాట్లాడకుండా ఉండి, "మా అమ్మ రోజూ నూతి దగ్గర్నించి ఎన్ని బిందెలు మోసేదో నేనెప్పుడూ లెక్కపెట్టలేదే" అన్నారు. కాసేపాగి, "నువ్వూ మోశావు కదూ, మన మొదటింట్లో?" అన్నారు.

మోశాను. మేడ మీద వాటా, కిందనెక్కడో కుళాయి, చంకలో పసిపిల్ల. ఆ సంగతి ఆయనకి గుర్తుందని ఆ రాత్రి వరకూ నాకు తెలీదు.

చెల్లెమ్మలూ, పెళ్ళిరోజులకి చీరలు కొనిచ్చారు, కాదనను. కానీ ఆ ఒక్క మాటకి సాటి వచ్చే చీర నా బీరువాలో లేదు. పక్కపక్కన కూర్చుని కొండల్ని చూసినప్పుడు ఇద్దరం కొండల్నే చూశాం. పక్కపక్కన రాళ్ళు మోసినప్పుడు ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.

మర్నాడు పొద్దున్న అక్కడి ఆడవాళ్ళు సరదాకి థింసా ఆడారు. ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా అడుగులు వేస్తారు. నన్నూ లాగారు. పర్యాటకుల కోసం డబ్బులకి ఆడించే థింసా వేరు, కలిసి పనిచేసిన మర్నాడు మనల్ని మధ్యలోకి తీసుకునే థింసా వేరు!

మీరూ వెళ్తారా? అయితే వినండి

ముందు అడగండి. ఆ ఊరి సర్పంచినో, బడి పంతులుగారినో, ఆ ప్రాంతంలో ఎప్పట్నించో పనిచేస్తున్న సంస్థనో కనుక్కోకుండా సేవ చేస్తామంటూ ఊరి మీద పడకండి. వేసవిలో బళ్ళకి సెలవులు కాబట్టి పిల్లలకి పాఠాలు చెబుతామంటే కుదరకపోవచ్చు. వాళ్ళకి ఏం పని అవసరమో అదే చెయ్యండి.

పిల్లలకి చాక్లెట్లూ, చిల్లరా పంచకండి. ఒకసారి చెయ్యి చాపడం అలవాటైతే, అది అలవాటు చేసింది మనమే అవుతాం. ఫొటో తీసేముందు "తియ్యమంటారా?" అని అడగండి. మన పెరట్లోకి ఎవరో వచ్చి మనం అంట్లు తోముతుంటే ఫొటో తీస్తే ఊరుకుంటామా?

కొనదలుచుకుంటే వారపు సంతలోనో, గిరిజన సహకార సంస్థ దుకాణంలోనో కొనండి. తేనె, చింతపండు, కాఫీపొడి దొరుకుతాయి. సంతలో గీచిగీచి బేరమాడకండి. ఆ అడ్డాకుల కట్ట వెనక ఎంత నడకుందో ఒక్కసారి తలచుకోండి.

దోమల మందు, జ్వరం మాత్రలు, టార్చిలైటు, ఒక దుప్పటి మర్చిపోవద్దు. మైదానంలో మాడిపోతున్నా కొండమీద తెల్లారుజామున చలేస్తుంది. రైలు వేళలు బయల్దేరే ముందు కనుక్కోండి. కొండచరియలు జారితే ఈ దారిలో బళ్ళు ఆపేస్తుంటారు.

తిండికి పులిహోర, బెల్లం ఆవకాయ సరిపోతాయి. పెరుగన్నం ఎండకి పులిసిపోతుందని బెంగా? గోరువెచ్చటి అన్నంలో కాచి చల్లార్చిన పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలిపి, ఉప్పు తినేముందు వేసుకోండి. మధ్యాహ్నానికి కమ్మగా తోడుకుని ఉంటుంది. అడ్డాకుల్లో తినండి, ప్లాస్టిక్ సంచులు మాత్రం తిరిగి ఇంటికి తెచ్చుకోండి. అక్కడ పారేసింది వానలకి వాగులో పడి, గోస్తనిలో పడి, మళ్ళీ మన తాగునీటి దగ్గరకే వస్తుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే!

ఇంకొక్క మాట. పిల్లల్ని తీసుకెళ్ళండి, అత్తమామల్నీ తీసుకెళ్ళండి, వద్దనను. కానీ ఒక పూటైనా ఇద్దరూ కలిసి ఒకే పని చెయ్యండి. తట్ట అందించడమైనా సరే, బిందె ఎత్తడమైనా సరే. మాఇంట్లో ఇప్పుడు పొద్దున్నే మంచినీళ్ళు పట్టేది ఎవరనుకున్నారు? మావారే. ఇప్పుడు చుక్క కూడా తొణకట్లేదు లెండి!

ఆవకాయ జాడీకి వాసెన కట్టేశారా? అయితే శ్రీవారిని ఇవాళే అడగండి. "సింహాచలం వెళ్ళొచ్చాంగా" అంటే, ఈ పేజీ ముందు పెట్టండి!