అమ్మ వంటింటికి గాజు పొయ్యి

మా అమ్మకి వాసన తెలియదు. 2021లో కరోనాతో పోయింది, మళ్ళీ తిరిగి రాలేదు. "మేలేలేరా, పక్కనే ఎనుముల కొట్టం" అని ఆవిడే జోకులేసేది. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి, మొన్న సంక్రాంతికి కంబదూరు వెళ్ళేదాకా.

బెంగళూరు నుంచి పొద్దున్నే బస్సు దిగి, గడప దాటానో లేదో గ్యాసు గుప్పుమంది. అమ్మ వంటింట్లోనే ఉంది. నేల మీద పీటేసుకుని తాపీగా అనపకాయలు ఒలుస్తోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది, నాబ్ మాత్రం తెరిచే ఉంది. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, అమ్మని చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కొచ్చాను. "ఏమైందిరా, అట్ల చూస్తావు?" అంది.

వంట గ్యాసుకి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. అంటే ఈ భద్రత అంతా మన ముక్కు మీద ఆధారపడి ఉంది. పైగా ఈ గ్యాసు గాలికంటే బరువు, కిందికే దిగుతుంది. అమ్మ కూచున్నది ఎక్కడ? పీట మీద. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సరే, కరెంటు పొయ్యి కొనాలి. ఏది కొనాలి? వృత్తిధర్మం కొద్దీ ల్యాప్‌టాప్ తెరిచి ఓ పట్టిక మొదలెట్టాను :)

పైన నున్నగా గాజు పలక ఉండే పొయ్యిలు రెండు రకాలు. ఇన్‌ఫ్రారెడ్ దాంట్లో గాజు కింద తీగచుట్ట ఎర్రగా కాలుతుంది, ఏ గిన్నె పెట్టినా వేడెక్కుతుంది. ఇండక్షన్‌లో తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, వేడి పుట్టేది నేరుగా గిన్నె అడుగులోనే. కాబట్టి దానికి అయస్కాంతం అంటుకునే గిన్నె కావాలి. పైన ఉండేది మామూలు గాజు కాదు, గ్లాస్ సెరామిక్. 1953లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో స్టూకీ అనే శాస్త్రవేత్త కొలిమి పొరపాటున మరీ వేడెక్కి, లోపలి గాజు ముక్క పాలరంగుకి తిరిగింది. బయటికి తీస్తుంటే జారి కింద పడింది, పగల్లేదు. అలా పుట్టిన జాతి ఇది. వేడికి దాదాపు వ్యాకోచించదు కాబట్టి కాలే పలక మీద చన్నీళ్ళు పడినా చిట్లదు.

చిట్లదు సరే, సంగటి మాటేంటి? నా పట్టికలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. సంగటి కెలకడమంటే మాటలా? రెండు చేతులతో తెడ్డు పట్టుకుని ఒళ్ళంతా బరువేస్తే గానీ ఉండలు చితకవు. ఆ దెబ్బలకి ఏ గాజు ఆగుతుంది? ఇదే అమ్మతో అంటే నన్నో వింత జంతువుని చూసినట్టు చూసింది. "పొయ్యి మీద ఎవురు కెలుకుతారురా? దించి, చుట్టకుదురు మీద పెట్టుకోని కదా కెలికేది! ఇన్నేండ్లు తిన్యావు, ఒగ దినమన్నా చూసినావా?" చూడలేదు. పట్టికలో ఆ గడి కొట్టేశాను.

మొదట ఇన్‌ఫ్రారెడ్ వైపే మొగ్గాను. సంగటి తపేలా, పప్పు గిన్నె, అన్నీ సత్తువే. సత్తుకి అయస్కాంతం అంటదు. పాత స్పీకర్ విప్పి అయస్కాంతం తీసి సామాన్లన్నీ పరీక్షిస్తే స్టీలు గిన్నెల్లో కూడా చాలావాటికి అంటలేదు. ఇన్‌ఫ్రారెడ్ అయితే గిన్నెలు మార్చే పనే లేదు. కానీ దాన్ని ఆపేశాక ఎరుపు పోతుంది గానీ పలక చాలాసేపు కాలుతూనే ఉంటుంది. గిన్నె తీసేసినా, పప్పు మాడుతున్నా దాని పని అది చేసుకుపోతుంది. మాడు వాసన కూడా తెలియని మనిషికి అది గ్యాసు కంటే ఎంత నయం? ఇండక్షన్‌లో గిన్నె ఎత్తితే కాసేపటికి అదే ఆగిపోతుంది, టైమర్ కూడా ఉంటుంది. అందుకని ఇండక్షనే. కళ్యాణదుర్గంలో కొన్నాను. అయస్కాంతం జేబులో వేసుకెళ్ళి గిన్నెలు కూడా అక్కడే ఏరుకున్నాను. కొట్టాయన నన్ను భరించాడు, పాపం.

ఈ పొయ్యిల బటన్లు చేసేవాళ్ళని ఒకసారి కలవాలని ఉంది. నా వృత్తివాళ్ళే, సిగ్గుగా ఉంది. 'దోశ', 'కర్రీ' అని అరడజను బటన్లు, అన్నీ ఇంగ్లీషులో, అన్నీ తాకితే పనిచేసేవి. పిండి చేత్తో తాకితే పలకవు, నీటిచుక్క పడితే వాటంతటవే పలుకుతాయి. నొక్కితే టిక్కుమనేది వెతికి మరీ తీసుకున్నాను. వాడాల్సిన మూడింటి మీద ఎదురింటి పాప స్టిక్కర్ బొట్లు అంటించింది. ఎర్రది ఆపడానికి, పచ్చది పెట్టడానికి, నీలం టైమర్‌కి.

తర్వాత వైరింగు. 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మామూలు 5 ఆంప్స్ ప్లగ్గులో పెడితే ప్లగ్గే వంటైపోతుంది. మెయిన్ నుంచి విడిగా వైరు లాగించి, 16 ఆంప్స్ సాకెట్ పెట్టించి, బొగ్గూ ఉప్పూ వేసి ఎర్త్ గుంత తీయించాను. మా నేలలో తడి ఉండదు, అప్పుడప్పుడు గుంతలో నీళ్ళు పోస్తుండాలి అన్నాడు ఎలక్ట్రీషియన్. "కరెంటుకీ నీళ్ళు కావాల్నా!" అంది అమ్మ.

ఖర్చు సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. నా లెక్కలో 14.2 కిలోల సిలిండర్ చేసే పనికి ఇండక్షన్ మీద 125 యూనిట్ల చొప్పున కాలుతుంది. అమ్మకి సిలిండర్ రెండున్నర నెలలు వచ్చేది, అంటే నెలకి 50 యూనిట్లు. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం యూనిట్ 4.50 దగ్గర పడితే 225 రూపాయలు, 125 యూనిట్లు దాటి 6 రూపాయల స్లాబులో పడితే 300. 2024 నవంబరులో మొదలైన దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా అందుకునే ఇంటికి ఈ లెక్క అస్సలు గిట్టదు. ముక్కు పనిచేసే అమ్మలున్నవాళ్ళు నన్ను చూసి ఎగబడి కొనక్కర్లేదు.

ఓడిపోయింది జొన్నరొట్టె దగ్గర. గుంత పెనం ఇండక్షన్ మీద కూర్చోదు. అడుగు చదునుగా ఉండే కొత్త పెనం మీద రొట్టె కాలుతుంది గానీ, చివర్లో మంట మీద వేస్తే పొంగే పొంగు రాదు. ఒకటి విరిచి చూసి "ఇది రొట్టె కాదు, అట్ట" అని తీర్పిచ్చేసింది. గ్యాసు పొయ్యి వెనక్కి తెచ్చిపెట్టమని రెండ్రోజులు గొడవ. నేను ఒప్పుకోలేదు. ఆఖరికి రాజీ ఏమిటంటే, రొట్టెలు పెరట్లో కట్టెల పొయ్యి మీద, కందికట్టెతో. పొగ మంచిది కాదని నాకూ తెలుసు. కానీ పొగ కంటికి కనిపిస్తుంది, పైగా పైన కప్పు లేదు. కరెంటు పోయిన పూట కూడా అదే దిక్కు.

ఇప్పుడు సాయంత్రం ఫోన్ చేస్తే మధ్యలో కీచుమని టైమర్ వినపడుతుంది. "అది అరుస్తాంది, పెట్టేస్తాండా" అని నా మాట పూర్తికాకుండానే పెట్టేస్తుంది.